గేటు బయటి గది

అమ్మ గది తలుపు సగమే తెరుచుకుంది. లోపల ఏదో అడ్డం పడింది. ఆమె భుజంతో కొంచెం నెట్టి, ఆ సందులోంచి లోపలికి చూసింది.

గోడల నిండా కొక్కేలు. ప్రతి కొక్కేనికీ నిలువెత్తు రబ్బరు చట్రాలు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. ఫ్రిజ్ తలుపు అంచు చుట్టూ బిగించే పట్టీలు అవి. తెల్లవి ఒక గోడకు, బూడిదరంగువి ఇంకో గోడకు. పైకప్పు నుంచి వేలాడదీసిన వెదురు గెడలకూ అవే. మంచం లేదు. బీరువా లేదు. అమ్మ బడి నుంచి తెచ్చిన నోటుపుస్తకాలు దిద్దుకునే బల్ల లేదు. కిటికీకి అడ్డంగా కూడా పట్టీలు ఉండటంతో, వెలుతురు నేల మీద ఖాళీ చతురస్రాలుగా పడింది.

ఆమె ఈ ఊరికి ఫ్యాక్టరీ పని మీద వచ్చింది. మర్నాడు ఉదయం సమావేశం. ఫ్యాక్టరీవాళ్లు అతిథిగృహంలో గది ఇచ్చారు. అక్కడ పెట్టె పడేసి, చెప్పకుండా అన్న ఇంటికి వచ్చింది. కింద అన్న నడిపే రబ్బరు పట్టీల వర్క్‌షాపు, పైన ఇల్లు. వానల మొదట్లో అమ్మ పోయింది. కర్మలు ముగిసి వెళ్లాక ఈ మెట్లు ఎక్కడం ఇదే మొదటిసారి.

వదిన టీ గ్లాసుతో నడవలోకి వచ్చింది.

“గది ఖాళీ అవడమే ఆలస్యం, నింపేశారన్నమాట,” అంది ఆమె, తలుపు దగ్గర నుంచి కదలకుండా.

వదిన గ్లాసు ఆమె చేతికిచ్చింది. “ముందు తాగు. చల్లారిపోతుంది.”

“ఒక్క మాట నాతో అనొచ్చు కదా వదినా. కనీసం ఆ బల్లయినా ఉంచాల్సింది.”

“బల్ల కింద ఉంది. దాని మీద కత్తెరలు పెట్టుకున్నాం.”

ఇంకా ఏదో అనబోతుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. అన్న పైకి వచ్చాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో గుడ్డపేలిక. చెల్లెల్ని చూసి ముఖం విప్పారింది.

“డాక్టరమ్మగారు! ఇదేం రాక? ఫోన్ చేస్తే స్టేషన్‌కి వచ్చేవాణ్ణి కదా. బండి కడిగించి మరీ.”

“మీరు బండి కడిగించేసరికి తను తిరుగు ప్రయాణం పెట్టుకునేది,” అంది వదిన.

“ఇల్లు ఇరకటం, ఆలి మరకటం అని ఊరికే అన్నారా?”

“ఆ మరకటం పెట్టిన టీయే పొద్దుట్నించి మూడుసార్లు తాగారు.”

అన్న నవ్వుతూ నడవలో ముందుకు వచ్చాడు. సగం దూరంలో ఒకచోట ఒళ్లు పక్కకి తిప్పి, గోడకి వీపు ఆనించినట్టుగా నాలుగడుగులు వేసి, మళ్లీ మామూలుగా నడిచాడు. నడవ ఖాళీగానే ఉంది. ఆమె అది చూసింది గాని, ఆలోచించలేదు.

“పిలుపొచ్చింది. బూడిద రంగు, పెద్ద సైజు,” అని ఫోను చూపించి, అమ్మ గదిలోకి దూరాడు. లోపలి నుంచి ఒక్కొక్క చట్రమే అందిస్తుంటే, వదిన అందుకుని భుజాన వేసుకుంది. ఆమె కూడా గ్లాసు కింద పెట్టి చేతులు చాపింది. రబ్బరు చల్లగా, బరువుగా ఉంది. మడత పడకూడదు, ఒకసారి మడత పడితే ఆ గీత పోదు, తలుపు సరిగా మూసుకోదు, ఫ్యాక్టరీ వెనక్కి పంపేస్తుంది. అందుకే ఈ కొక్కేలన్నీ. ముగ్గురూ కలిసి కిందికి మోశారు. అన్న ట్రాలీ బండి ఎక్కి వెళ్లిపోయాడు.

ఆమె మళ్లీ పైకి వచ్చేసరికి గ్లాసులో టీ ఇంకా వెచ్చగానే ఉంది.

అప్పుడు అర్థమైంది.

ఆమె పరిశోధన అంతా ఈ ఒక్క పిలుపు గురించే. ఇదివరకు ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ గోదాములో వారాలకు సరిపడా సరుకు పేరుకుపోయి ఉండేది. ఆమె గీసిన నమూనాలో గోదాము లేదు. ఫ్రిజ్‌లు బిగించే వరుస నడుస్తున్నకొద్దీ, ఏ భాగం కావాలో కంప్యూటరే చూసుకుని, సరఫరా చేసేవాడికి పిలుపు పంపుతుంది. రెండు గంటల్లో ఆ భాగం గేటు దాటి లోపలికి రావాలి. ముందు ఒక్క భాగంతో ప్రయోగం చేసి చూద్దాం అన్నారు. ఆమె తలుపు పట్టీని ఎంచుకుంది. దాన్ని చేసేవాళ్లు ముగ్గురున్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఒక్కడే అని ఆమెకు నమ్మకం. అతను సొంత అన్న. అలా ప్రయోగం సాగినంత కాలం పట్టీల ఆర్డరంతా అన్నకే దక్కింది.

ఏడాదిన్నరగా ఒక్క పిలుపు కూడా తప్పలేదు. గోదాములో పట్టీల నిల్వ సున్నాకు పడిపోయింది. “ఇంత శుభ్రమైన డేటా నా సర్వీసులో చూడలేదమ్మా,” అన్నారు ఆమె ప్రొఫెసరు. రేపటి సమావేశంలో ఆ నమూనాను మిగతా సరఫరాదారులందరికీ వర్తింపజేయాలని నిర్ణయిస్తారు.

పట్టీ మూలలు అతికే యంత్రంలో ఒక సైజు అచ్చు తీసి ఇంకో సైజు అచ్చు బిగించడానికి సగం పూట పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తన సిద్ధాంత వ్యాసంలో తనే రాసింది. రెండు గంటలు ఒక పుటలో ఉన్నాయి, సగం పూట ఇంకో పుటలో ఉంది. ఆ రెండూ ఆమె మనసులో ఏనాడూ పక్కపక్కన కూర్చోలేదు.

“వదినా, ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయి?”

వదిన గుమ్మంలో కూర్చుని, చీర మీద అంటిన రబ్బరు పొడి దులుపుకుంటోంది.

“నీ పద్ధతి మొదలైనప్పటి నుంచి. ముందు కింద ఒక మూల పెట్టాం. చాల్లేదు. మేడ మీద పెడితే ఎండకి సాగిపోయాయి. మా గదిలో సగం పెట్టాం. ఆఖరికి అత్తయ్యే అన్నారు, నా గది తీసుకోండి, నాకు మంచం పట్టే చోటు చాలు అని.”

“మంచం ఎక్కడ వేశారు?”

వదిన చేత్తో నడవ చూపించింది. అన్న ఒళ్లు తిప్పి నడిచిన చోటు.

“ఎన్నాళ్లు?”

“ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా.”

ఆమె గోడకి ఆనుకుంది. ఫోనులో అమ్మ ముఖం వెనక ఎప్పుడూ మెట్ల కటకటాలు కనిపించేవి. ఇక్కడెందుకు కూర్చున్నావమ్మా అంటే, నడవలో గాలి బాగుంటుందే బుడ్డీ, అనేది.

“నడవలో గాలెక్కడిది? ఏమొచ్చినా కింది నుంచి వచ్చే పొడే,” అంది వదిన. “నేను ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. పిల్ల పరీక్ష అయ్యేదాకే కదా అనేవారు. ముప్పై ఏళ్లు బడిలో చేశారుగా, ఆవిడ దృష్టిలో అన్నీ పరీక్షలే.”

“నేను వచ్చినప్పుడు మంచం గదిలోనే ఉండేది కదా.”

“నువ్వొస్తున్నావని తెలిస్తే ముందురోజే అన్నీ దింపి కింద మిషన్ల మీద పరిచేవాళ్లం. నువ్వెళ్లాక మళ్లీ ఎక్కించేవాళ్లం.” వదిన చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు చేతులు చూసుకుంది. “అత్తయ్య పోయిన రోజు కూడా అంతే. ఆసుపత్రి నుంచి వచ్చి, మీ అన్నయ్య ముందు గది ఖాళీ చేశారు. ఆ తర్వాతే నీకు ఫోన్ చేశారు.”

ఆ రోజు ఫోను ఆలస్యంగా వచ్చిందని ఆమెకు తెలుసు. అన్న తట్టుకోలేక చేయలేదనుకుంది. తను వచ్చేసరికి అన్న చేతులకు బూడిదరంగు పొడి అంటి ఉండటం కూడా చూసింది. ఏ పనిలో ఉండగా కబురొచ్చిందో పాపం, అనుకుంది.

“ఆ దగ్గు ఈ పొడి వల్లేనా?”

“దగ్గు ముందు నుంచీ ఉన్నదే. డాక్టరూ అదే చెప్పాడు. నువ్వేమీ గుమ్మడికాయల దొంగవి కాదు, భుజాలు తడుముకోకు.”

వదిన మెత్తగానే అంది. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

*

అన్న తిరిగి వచ్చేసరికి ఆమె కింద, యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పనివాళ్లిద్దరూ భోజనానికి వెళ్లారు. అమ్మ బల్ల మీద కత్తెరలు, కొలత టేపు, అతుకు సరిచూసే దీపం ఉన్నాయి. బల్ల అంచున ఎర్రసిరా మరక ఇంకా పోలేదు.

“చెప్పేసిందన్నమాట మీ వదిన,” అన్నాడు అన్న, ఆమె ముఖం చూసి.

“నేను అడిగినప్పుడు రెండు గంటలన్నావు.”

“రెండు గంటల్లో ఇచ్చానా లేదా?”

“ఎలా ఇస్తున్నావో చెప్పలేదు.”

“నువ్వు అడగలేదు.” అన్న ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి మాటలు పడాల్సి వచ్చినప్పుడు అతను అలాగే కూర్చుంటాడు. “అది కాదే. నువ్వు ఫోన్ చేసి, అన్నయ్యా రెండు గంటల్లో ఇవ్వగలిగితేనే నా లెక్క నిలబడుతుంది అన్నావు. నేను ఇవ్వలేనని ఎలా అంటాను? పరీక్ష నీది.”

“పరీక్ష కాదు అది. ప్రయోగం. తప్పితే తప్పిందని రాసేదాన్ని.”

“ఆ తేడా నాకేం తెలుసు?”

ఆమెకు గాలిమర గుర్తొచ్చింది. బడి ప్రదర్శన కోసం అట్టతో అన్నే చేసి ఇచ్చాడు. హెడ్మిస్ట్రెస్‌గారు చూడటానికి వచ్చిన సమయానికి గాలి లేదు. అయినా మర గిరగిరా తిరిగింది. బల్ల మీద పరిచిన దుప్పటి వెనక, బల్ల కింద అన్న కూర్చుని దారం లాగుతున్నాడు. ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. ఇంటికి వచ్చాక అమ్మ, గాలి లేకుండా ఎలా తిరిగిందిరా, అని అన్ననే అడిగింది, ఆమెను అడగలేదు.

“ఇప్పటికీ బల్ల కిందే కూర్చున్నావా అన్నయ్యా?”

అన్నకు వెంటనే గుర్తొచ్చింది. పక్కకు చూస్తూ నవ్వాడు. “అప్పుడు దుప్పట్లో దోమలు కూడా కుట్టాయి.”

“అమ్మని కూడా కూర్చోబెట్టావు.”

నవ్వు ఆగిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకు అప్పటికే తెలిసింది. అన్న లేచి, యంత్రం మీద పొడి తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

సాయంత్రం ఆమె బయలుదేరుతుంటే వదిన వీధి గుమ్మం దాకా వచ్చింది.

“రేపు అక్కడ ఈ సంగతి ఎత్తకు.”

“వదినా—”

“నా మాట పూర్తిగా విను. ఇంట్లో సరుకు పెట్టుకుంటున్నామని తెలిస్తే ఒప్పుకోరు. పద్ధతే ఆపేశారనుకో, ఆర్డర్ మళ్లీ ముగ్గురికి పంచుతారు. కింద ఇద్దరు పనివాళ్లున్నారు, ఒకణ్ణి పంపెయ్యాలి. వాడి పెళ్లాం ఇప్పుడు కడుపుతో ఉంది. అత్తయ్య ఎలాగూ లేరు. ఆ గది మేమేం చేసుకుంటాం?”

ఆమె సరేననలేదు. కాదనలేదు. వదిన మాత్రం సరే అన్నట్టే తీసుకుని, ఆమె భుజం తట్టి లోపలికి వెళ్లింది.

*

అతిథిగృహంలో ఆమె తన నమూనా బొమ్మ తెరిచి చూసింది. ఫ్యాక్టరీ చుట్టూ చుక్కల గీత. గేటు దగ్గర బాణం గుర్తు. గీతకు లోపల ఉన్నదంతా లెక్కలోకి వస్తుంది. బయట ఉన్నదాన్ని ‘కోరినప్పుడు లభిస్తుంది’ అని ఒక్క మాటలో ఊహించుకున్నారు. ఆ గీత ఆమే గీసింది. ఏ నమూనాకైనా ఎక్కడో ఒకచోట హద్దు గీయక తప్పదు. అది పరిశోధనలో మొదటి పాఠం.

అమ్మ చెప్పిన మొదటి పాఠం వేరు. తీసివేతలో పై అంకె చాలకపోతే పక్క స్థానం నుంచి ఒకటి తెచ్చుకోవాలి. రెండో తరగతి పిల్లలు తెచ్చుకోవడం ఇట్టే నేర్చుకుంటారు. పక్కన తగ్గించడం మర్చిపోతారు. అమ్మ వాళ్ల పలకల మీద వేలు పెట్టి, పక్కింటి నుంచి తెచ్చుకున్నావు సరే, పక్కింట్లో తగ్గించావా, అని అడిగేది.

ఆమె గీతను కొంచెం జరిపి, అమ్మ గదిని కూడా లోపలికి తెచ్చి, లెక్క మళ్లీ వేసింది. మొత్తం నిల్వ తగ్గలేదు. పెరిగింది. ఇదివరకు వారం ముందే ఏ సైజు కావాలో తెలిసేది. ఇప్పుడు ఏ క్షణాన ఏది అడుగుతారో తెలియక, అన్న అన్ని సైజులూ చేసి పెట్టుకోవలసి వచ్చింది. గోదాము ఖాళీ అయిన దానికన్నా ఎక్కువగా అమ్మ గది నిండింది.

నోరు మూసుకుంటే అన్న ఆర్డరు నిలుస్తుంది. వదిన అడిగింది అదొక్కటే. కాని రేపటి తరువాత ఈ పిలుపు తీగలు, గాజు అరలు, ప్లాస్టిక్ తొడుగులు చేసే ఇళ్లన్నిటికీ వెళ్తుంది. అక్కడా ఎవరో ఒకరు, నా గది తీసుకోండి, అంటారు.

*

సమావేశంలో తన వంతు రాగానే ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించింది. ఎవరి పేరూ చెప్పలేదు. సరఫరాదారు ఇచ్చిన సమాచారంలో అబద్ధం లేదనీ, సరుకు ఎక్కడి నుంచి వస్తోందో తనే అడగలేదనీ చెప్పింది.

ఫ్యాక్టరీ కొనుగోళ్ల మేనేజరు శ్రద్ధగా విన్నాడు. మంచి మనిషి. అమ్మ పోయినప్పుడు పరామర్శకు ఫోన్ కూడా చేశాడు.

“పట్టీ రెండు గంటల్లో వస్తోందా మేడమ్?”

“వస్తోంది.”

“మా గోదాములో సరుకు తగ్గిందా?”

“తగ్గింది.”

“మరి ఇబ్బంది ఎక్కడుంది? గేటు బయట ఎవరు ఎక్కడ పెట్టుకుంటారన్నది వాళ్ల ఇష్టం. మేమేం చెప్పగలం?” అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఏడాదిన్నర కిందట ఆమే అతనికి నేర్పింది.

ప్రొఫెసరు ఆమె వైపు వంగి, “హద్దు ఎక్కడో ఒకచోట గీయాల్సిందేనమ్మా. వచ్చే వ్యాసంలో ఇది రాసుకుందాం. ఇవాళ వద్దు,” అన్నారు మెల్లగా.

“గీసింది నేనే సార్. తప్పు చోట గీశాను,” అంది ఆమె. తరువాత మేనేజరుతో, “ఈ నమూనా ఇలా మీకు అప్పగించలేను. బయటి గదుల్ని కూడా లెక్కలోకి తెచ్చాకే ఇస్తాను. అప్పటిదాకా దీన్ని ఎవరికీ పెట్టకండి,” అంది.

“అలాగైతే పట్టీల ప్రయోగం కూడా ఆపాల్సి వస్తుంది. ఆర్డర్ పాత పద్ధతిలో పంచేస్తాం. అది మీ—” మేనేజరు ఆగి, చుట్టూ చూసి, మాట మార్చాడు. “దాని వల్ల ఎవరికి ఇబ్బందో మీకు తెలుసు కదా మేడమ్.”

“తెలుసు.”

ప్రొఫెసరు ఎదుట ఉన్న కాగితాలు సర్దుకున్నారు. బయట వరండాలో ఆయన ఆమెతో మాట్లాడకుండానే కారెక్కారు.

*

ఆ కబురు ఫోనులో చెప్పడం బాగుండదని ఆమె నేరుగా అన్న ఇంటికి వెళ్లింది. అన్న విన్నాడు. గుడ్డపేలికతో చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

“ఒకణ్ణి పంపెయ్యాలి,” అన్నాడు చివరికి. “నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేను చెప్తాను.”

“వద్దులే. నువ్వెవరో వాడికేం తెలుసు?”

వదిన ఒక్క మాటే అంది. “చెప్పొద్దన్నాను కదా.” ఆ తరువాత మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. కాని మధ్యాహ్నం కంచం పెట్టింది. పెరుగు అయిపోతే, తన వాటాలోది ఆమెకు వేసింది.

ఆమె సెలవు పెంచుకుంది. ఉన్న సరుకు తీసుకుంటామని ఫ్యాక్టరీ ఒప్పుకుంది. బండి వచ్చినప్పుడల్లా ముగ్గురూ కలిసి పట్టీలు దింపారు. మొదట కిటికీ బయటపడింది. తరువాత గోడలు. ఆఖరి చట్రం వెళ్లాక గదిలో కొక్కేలూ రబ్బరు వాసనా మిగిలాయి. ఉద్యోగం పోయిన పనివాడే, అన్నతో కలిసి, కింద పెట్టిన అమ్మ మంచం పైకి తెచ్చి మళ్లీ గదిలో వేశాడు. ఆమె అతనికి ఏదో చెప్పబోయింది. అతను ముందే, “మేనేజర్లు అంతేనండి, ఎప్పుడు ఏమంటారో తెలీదు,” అన్నాడు. అన్న అతనికి అలా చెప్పాడన్నమాట. మళ్లీ బల్ల కింద కూర్చున్నాడు. ఆమె, కాదండీ, అంది. అది నేను ఆపించాను, అంది. అతను అన్న వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మెట్లు దిగిపోయాడు.

“కాసేపు పడుకో,” అంది వదిన, అన్నం తిన్నాక. మాట్లాడటం అలా మొదలుపెట్టింది. “దుప్పటి మార్చాను.”

“గదిలో వద్దు వదినా. ఇక్కడే ఒరుగుతాను.”

వదిన చాప తెచ్చి నడవలో పరిచింది. ఆమె పడుకుంది. మధ్యాహ్నం వెలుతురులో పైకప్పు మీద ఒక పొడవాటి బీట కనిపిస్తోంది. కింద యంత్రం చప్పుడు వీపుకి తగులుతోంది. గాలి లేదు. తలవైపు మెట్ల కటకటాలు. అమ్మ ముఖం వెనక ఎప్పుడూ కనిపించినవి. ఇక్కడి నుంచి చూస్తే అమ్మకు కనిపించింది తన గది తలుపు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. అన్న తల వంచుకుని, ఏదో ఆలోచిస్తూ వచ్చాడు. ఆమె పడుకుని ఉండటం చూడలేదు. అయినా సరిగ్గా అక్కడికి రాగానే ఒళ్లు పక్కకి తిప్పి, గోడకి వీపు ఆనించాడు.

ఆమె కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది.